ముక్కత్త పరీక్ష

ఆ కాఫీ కొట్టులో అందరికీ ఆవిడ ముక్కత్తే. ముక్కు పెద్దదని కాదు. నిజానికి కళ్ళజోడు నిలవడానికి కూడా చాలీచాలని ముక్కు. కానీ మేడమీద కూర్చుని పొట్లాలు చూసుకుంటూనే, కింద గింజలు వేగే వాసన పసిగట్టి "అన్నయ్యా, దించు!" అని కేకేసేది. వాటిని వేపే డ్రమ్ము దగ్గరున్న అన్నయ్య మారుమాట లేకుండా గింజలు కిందికి వదిలేవాడు. ఆయన గడియారం చూసుకునేవాడు కాదు, చెల్లెలి కేకే ఆయనకు గడియారం. తోడబుట్టిన అన్నేమీ కాదు, ఒకే పొగలో ఇద్దరి జుట్టూ నెరిసింది కాబట్టి కలిసిన వరస.

అలాంటి ముక్కు ఒక పాడు జ్వరంతో పోయింది.

జ్వరం తగ్గి పనిలోకొచ్చిన రోజు, అలవాటు కొద్దీ వేగిన గింజల సంచీలో తల దూర్చి గట్టిగా పీల్చింది. గాలి వచ్చింది, గాలి పోయింది. అంతే. జలుబేలే అని సరిపెట్టుకుంది. మర్నాడు సబ్బు వాసన చూసింది, ఫినాయిలు చూసింది, నిద్రపోతున్న కూతురి తల కూడా వాసన చూసింది. అన్నీ ఒకటే. అద్దంలో చూస్తే ఆ ముక్కు మాత్రం ఏమీ ఎరగనట్టు తన చోట తాను కూర్చునుంది.

నాలుగు రోజులు పోయాక ఒక ఉదయం వంటింట్లో ఉల్లిపాయలు తరిగి, స్టవ్ దగ్గరికి వచ్చింది. పక్క గదిలోంచి కూతురు పరుగెత్తుకొచ్చి, తెరిచి ఉండిపోయిన నాబ్ కట్టేసి, కిటికీ తలుపులు బార్లా తెరిచింది.

"అమ్మా! గ్యాస్ గుప్పుమంటోంది. నీకు తెలియడం లేదా?"

"జలుబే, వాసన తెలియట్లేదు."

"నువ్వు గానీ అగ్గిపుల్ల గీసి ఉంటేనో?"

అగ్గిపెట్టె అప్పటికే ఆవిడ చేతిలో ఉంది. కూతురు చూడకుండా వీపు వెనక దాచుకుంది.

నిజం చెబితే ఇంట్లో వంటింటి గడప తొక్కనివ్వరు, కొట్టులో పని ఉండదు. వాసన తెలియని ముక్కత్తను ఎవరు పెట్టుకుంటారు? అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. ఆ పేరు కాస్తా ఊడిపోతే తనలో ఇంకేం మిగులుతుందో ఆవిడకు తోచలేదు. అందుకని నోరు కుట్టేసుకుంది.

మోకాళ్ళు నొప్పులని వంక పెట్టి, మేడమీది కుర్చీని కిందికి, డ్రమ్ము పక్కకి దింపించుకుంది. వేగేటప్పుడు గింజలు ఒకసారి చిటపటమని, కాసేపు ఊరుకుని, మళ్ళీ సన్నగా చిట్లుతాయి. ఆ రెండో చప్పుడు అందుకోగానే "దించు" అనేది. అన్నయ్య దించేవాడు. ప్రతిసారీ, జేబు కొడుతూ దొరికిపోబోతున్న దొంగలా అటూ ఇటూ చూసుకునేది.

ఇలా నెట్టుకొస్తుంటే చిన్న యజమానికి సరదా పుట్టింది. పెద్దాయన పోయాక కొట్టు చూసుకుంటున్న కొడుకు, మంచివాడే, కాకపోతే కాలు ఒకచోట నిలవదు. కొట్టు ముందు గదిలో గరాటు పెట్టి, చుక్కచుక్కగా దించే కాఫీ అమ్ముదామన్నాడు. గరాటులో స్టీలు ఫిల్టరా, కాగితం ఫిల్టరా అన్నది తేలాలి.

"ముక్కత్తా, మీరు ఏదంటే అదే. ఏ కప్పులో ఏముందో మీకు చెప్పం. అందరి ముందూ తేల్చెయ్యండి," అన్నాడు.

"నాకెందుకు సార్, మీరే చూసుకోండి."

"భలేవారే! మీరుండగా నేనా?"

ఆ రాత్రి ముక్కత్తకు కంటిమీద కునుకు లేదు.

పరీక్ష వేళకు కొట్టువాళ్ళంతా ముందు గదిలో మూగారు. నల్లటి కప్పులు రెండు ఆవిడ ముందు పెట్టారు. మొదటి కప్పు అందుకుంది. ఊదుకుంటూ ఒక గుక్క తాగింది. చేదు తప్ప ఏమీ లేదు. కానీ నాలుక మీద సన్నటి పొడి తగిలింది, కాఫీ చిక్కగా, కాస్త నూనెగా జారింది. స్టీలు జల్లెడ నూనెనూ నలుసునూ ఆపదు, కాగితం ఆపుతుంది. అది ఆవిడకు కొట్టిన పిండే.

"ఇది స్టీలు."

రెండోది పలచగా, తేటగా ఉంది. కాగితమే. ఊపిరి పీల్చుకుంటూ పక్క బల్ల మీది గరాటు వంక చూసింది. కాగితం పై అంచు పొడిగా, గరాటుకు అంటుకోకుండా బిర్రుగా నిలబడి ఉంది. ముందుగా వేడినీళ్ళతో కాగితాన్ని తడిపి ఉంటే అలా ఉండదు. తడపకపోతే కాఫీకి కాగితం వాసన పడుతుందని అందరికీ నేర్పింది తనే. ముక్కు ఎగబీల్చి, మొహం చిట్లించింది.

"ఇది కాగితం. తడపకుండానే పోశారు. అట్టపెట్టె వాసన కొట్టి చస్తోంది."

కాఫీ దించిన పిల్ల నాలుక కరుచుకుంది. "అయ్యో, మర్చిపోయాను ముక్కత్తా!"

యజమాని ఆ కప్పు అందుకుని ఒక గుక్క తాగి, "నిజమే! ముక్కంటే ఇదీ!" అని చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. గుమ్మానికి ఆనుకుని చూస్తున్న అన్నయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. ముక్కత్తకు ఒళ్ళు తేలికపడింది. గండం గడిచిందనుకుంది.

ఇంతలో ఒక్కొక్కరి నవ్వూ ఆగిపోయింది. ఆ పిల్ల ముక్కు మీద చెయ్యి పెట్టుకుంది. యజమాని నొసలు ముడిపడింది. అందరూ ఆవిడవైపే చూస్తున్నారు, ఆ ఒక్క మాట కోసం. తీర్పు కోసం చూస్తున్నారనుకుంది ముక్కత్త.

"స్టీలే మేలు సార్. వాసన నిండుగా ఉంది," అంది నవ్వుతూ.

ఆవిడ భుజం మీదుగా సన్నటి పొగ వచ్చి కప్పు మీదికి దిగింది. అప్పుడు చూసింది. వెనక గదిలో డ్రమ్ము తిరుగుతూనే ఉంది. చప్పట్లలో రెండో చిటపట వినిపించలేదు. చెల్లెలు ఉందిగా, అరుస్తుందిలే అని అన్నయ్య డ్రమ్మును వదిలేసి వచ్చాడు.

అన్నయ్య ఒక్క గెంతులో వెళ్ళి గింజలు దించాడు. అన్నీ మాడి బొగ్గయ్యాయి. మసి చేతులతోనే తిరిగొచ్చి ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళయింది చెల్లెమ్మా?"

జలుబు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"జ్వరం వచ్చినప్పటి నుంచి. ఇంట్లో గ్యాస్ వదిలేసి, అగ్గిపెట్టె పట్టుకుని నిలబడ్డానన్నయ్యా. పిల్ల పక్క గదిలోనే ఉంది. ఇంకొక్క క్షణం ఆగి ఉంటే గీసేసేదాన్ని. నాకు భయంగా ఉంది."

యజమాని ఏదో అనబోయాడు. "ము..." అని, ఆ మాట మింగేసి, నేల చూపులు చూస్తూ, "అత్తా, మీరు ఈ పూటకి ఇంటికెళ్ళండి. మిగతాది రేపు మాట్లాడదాం," అన్నాడు. ముక్కత్త కాదు, ఉత్త అత్త. ఇన్నాళ్ళూ ఏ మాటకు భయపడి బతికిందో అది వినపడనే వినపడింది.

అన్నయ్య ఆవిడ చేతిలోంచి కప్పు తీసి బల్ల మీద పెట్టాడు.

"పద. నేనూ వస్తా. ముందు ఆ స్టవ్ సంగతి చూడాలి. మీ అమ్మాయికి నువ్వే చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెబుతాను," అంది. ఆయన చెయ్యి పట్టుకుని లేచింది.