విదేశీ మ్యాచ్‌లు నావి

జపాన్ వాళ్ల రగ్బీ మీద నాకెంత కోపమో చెబితే మస్కట్‌లో నన్నెరిగినవాళ్లు నవ్వుతారు. వంటమనిషికి రగ్బీతో ఏం పని? ఆ ఆట నేను సరదాకు నేర్చుకోలేదు. నా కూతురి కాన్పుకు వెళ్లడం దాని మీద ఆధారపడింది, అందుకు నేర్చుకున్నాను.

మా సార్ జపానాయన, రుసైల్‌లో ఓ ఫ్యాక్టరీకి పెద్ద ఇంజనీరు. ఆయనింట్లో ఇద్దరం పనివాళ్లం. వంట నాది. ఇల్లు, బట్టలు నాకంటే చిన్నదైన ఇంకొకామెవి. ఇద్దరిదీ కడప జిల్లానే, పక్కపక్క మండలాలు. ఆ చలికాలం ఇద్దరికీ సెలవు కావలసి వచ్చింది. నా కూతురికి తొలి కాన్పు. ఆమెకు కొడుకు బెంగ. చంకబిడ్డగా ఉన్నప్పుడు వదిలి వచ్చింది, ఇప్పుడు వాడు ఫోన్ దగ్గరికి కూడా రావడం లేదు. ఇద్దర్నీ ఒకేసారి పంపితే ఇల్లెలా నడుస్తుందని మేడమ్ అంది. మేం వంతులు మాట్లాడుకునేలోపే సార్‌కు ఓ సరదా పుట్టింది.

రగ్బీ సీజన్ అప్పుడే మొదలవుతోంది. జపాన్ జట్టు కొన్ని మ్యాచ్‌లు సొంత దేశంలో, కొన్ని బయటి దేశాల్లో ఆడుతుంది. ఒకరు ఇంటి మ్యాచ్‌లు, ఒకరు విదేశీ మ్యాచ్‌లు తీసుకోండి, ఎవరి వైపు గెలుపులు ఎక్కువైతే వాళ్లకే సెలవు అన్నాడు తనకొచ్చిన ముక్కల హిందీలో. పెద్దదాన్నని ముందు నన్ను కోరుకోమన్నాడు. నేను తడుముకోకుండా విదేశం అన్నాను. నేను నాలుగు రాళ్లు వెనకేసుకున్నది బయటి దేశం వచ్చాకే. ఇంటిపట్టున ఉండి బాగుపడ్డవాళ్లని మా వీధిలో ఒక్కరిని చూపించండి. సార్ నవ్వి చప్పట్లు కొట్టాడు. ఏ జట్టయినా సొంత మైదానంలోనే బలంగా ఉంటుందని ఆయనకు తెలుసు. నాకు మాత్రం చెప్పలేదు.

ఇంటి మ్యాచ్‌లు మాకు పొద్దుటి పూట వచ్చేవి. నేను సార్ తినే అన్నం ముద్దలకు నల్లటి సముద్రపు నాచు చుడుతూ వంటింట్లోంచి వినేదాన్ని. ఆమె తుడుపుగుడ్డతో సోఫా వెనక నిలబడేది. జపాన్ గెలిచిన రోజు సార్ ఆమెకు తన చేత్తో జ్యూస్ పోసి ఇచ్చాడు. ఆ మధ్యాహ్నం మా కూరలో నేను కావాలనే ఉప్పు వేయలేదు. ఆమె వంక పెట్టకుండా తినేసింది.

తర్వాత జట్టు యూరప్ వెళ్లింది. ఆ మ్యాచ్‌లు ఇక్కడ సాయంత్రాలు. చలికి నోట్లోంచి పొగలు కక్కుతూ కొండల్లాంటి మగాళ్లు మావాళ్ల మీద పడేవారు. అవును, మావాళ్లనే అనుకునేదాన్ని. వరసగా ఓడారు. ఓడినప్పుడల్లా సార్ తన కడుపుమంట నా మీద తీర్చుకునేవాడు, దరిద్రపు మొహందానివి, నీ వల్లే అని. ఒకసారి మావాడొకణ్ణి స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. పక్కన ఆమె పెదవులు కదిలాయి. దేవుడికి దండం పెట్టుకుంటోంది. నేనూ తక్కువ తినలేదు, ఇంటి మ్యాచ్‌లప్పుడు అదే మొక్కుకున్నాను. ఏ తల్లి కన్న బిడ్డల కాళ్లో చేతులో విరగాలని ఇద్దరు తల్లులం కోరుకున్నాం.

ఆఖరి మ్యాచ్‌లో చాలాసేపు ముందున్నారు. చివర్లో ఓడారు. సార్ టీవీ కట్టేసి, టికెట్ తీయాలి, పాస్‌పోర్ట్ తెమ్మని ఆమెకు చెప్పాడు.

ఆ రాత్రి మా గదిలో ఆమె గోడవైపు తిరిగి అంది, "నీ బిడ్డ కాన్పు కదక్కా. నువ్వే పో అని చెప్పల్లని ఉండాది. నోరు రాలేదు."

"రాకపోతే మూసుకోని పండుకో," అన్నాను. నేనైనా అదే చేసేదాన్ని. అయినా అసహ్యం వేసింది.

ఆమె ఊరికి వెళ్లాక నా కూతురికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. సంగతి తెలిసి ఆమె బస్సెక్కి ఆస్పత్రికి వెళ్లింది. నేను సార్‌కు చేపలు కాలుస్తుండగా ఫోన్ చేసింది.

"పాప పుట్టిందక్కా. ఇద్దరూ బాగుండారు. నొప్పులప్పుడు నీ కూతురు నా చెయ్యి ఇడ్సలేదు. అమ్మా అమ్మా అని నన్నే పిలిచింది."

నేను చేపను తిరగేశాను. ఆమే మళ్లీ అంది, "నా కొడుకు ఇంగా నా దగ్గరికి రాలేదక్కా. వాళ్లత్త కొంగెనకాల్నే నిలబడతాడు. ఊరొచ్చినాంక నన్ను అమ్మా అనింది నీ కూతురొక్కతే."

పాపం అనుకున్నాను. కానీ నా కూతురు పట్టుకున్న ఆ చేతిని మాత్రం ఈరోజుకీ క్షమించలేదు.