ఫ్యాను ఎటు తిరిగి ఉంది

"పర్లేదండి" అన్న మాట వింటే చాలు, రాగసుధకు ఒళ్లు మండుతుంది. ఇళ్లలో ఎంత వేడి ఉంటుందో, మనుషులకు అది ఎలా ఉంటుందో ఎవరైనా చూసుకునేలా ఒకచోట చేరుస్తున్న సర్వే కోసం ఆమె తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఇల్లిల్లూ తిరుగుతుంది. గుమ్మంలో చెప్పులు విడిచి, చున్నీతో మెడ తుడుచుకుని, గోడకు దూరంగా థర్మామీటరు పెడుతుంది. పది నిమిషాలాగి అంకె రాసుకున్నాకే "మీకెలా ఉందండి?" అని అడుగుతుంది. వేడిగా ఉందని ఎవరూ అనరు. వచ్చిన మనిషి ముందు సొంత ఇంటిని తక్కువ చేసుకోవడం వాళ్లకు చేతకాదు.

మే నెల మధ్యాహ్నం, రేపల్లెలో ఒక రేకుల ఇల్లు. జాకెట్లు కుట్టే దుర్గాంబ ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానునూ రాగసుధ వైపు తిప్పి కూర్చుంది. థర్మామీటరు నలభై చూపిస్తోంది. దుర్గాంబ వీపుకు జాకెట్టు తడిసి అంటుకుపోయింది.

"పర్లేదమ్మా, హాయిగానే ఉంది."

"అబద్ధం చెప్పకండి పిన్నిగారూ. రేపు ఈ సర్వే చూసినవాళ్లు రేకుల ఇళ్లలో అంతా బాగానే ఉందని రాసుకుంటారు." రాగసుధ గొంతు లేచింది.

"ఇంటికొచ్చిన పిల్లతో ఉడికిపోతున్నామని ఎలా చెప్పనమ్మా?"

రాగసుధ ఫ్యానును అటు తిప్పింది. దుర్గాంబ మళ్లీ ఇటు తిప్పింది. జవాబు మార్చే అధికారం తనకు లేదు కాబట్టి రాగసుధ సర్వే పుస్తకంలో 'హాయిగా ఉంది' దగ్గరే టిక్కు పెట్టి, పక్కన కాగితం చిరిగేలా నొక్కి రాసింది: ఫ్యాను నా వైపు ఉంది. తర్వాత పేజీలు వెనక్కి తిప్పి, ఇలాగే ఫ్యాను తన వైపు తిప్పిన బాపట్ల, తెనాలి ఇళ్ల పక్కన కూడా అదే మాట రాసుకుంటూ పోయింది.