నేత్రమణి అడిగిన వంతెన

నేత్రమణి కూతురు సుకాంతికి పదో తరగతి పరీక్ష గాలి వల్ల తప్పిపోయింది. లెక్కల పరీక్ష రోజు తెల్లారేసరికి దక్షిణపు గాలి లేచి చిలికా సరస్సు నీళ్ళు నురగలు కక్కాయి. బేలపడా రేవులో బోటు గుంజకు కట్టినది కట్టినట్టే ఉండిపోయింది. సుకాంతి యూనిఫాం వేసుకుని, హాల్ టికెట్టు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని మధ్యాహ్నం దాకా రేవు మెట్ల మీద కూర్చుంది. పరీక్ష రాయాల్సిన బడి అవతలి ఒడ్డున కంటికి కనిపిస్తూనే ఉంది. ఆ వేసవిలోనే మేనమామ సంబంధం తెచ్చాడు. చదువు ఎలాగూ చెడింది కదా అని పెళ్ళి చేసేశారు.

మా నాన్న కాలంలోనే మేము బరంపురం వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళం. నర్సు ఉద్యోగం నన్ను ఈ బేలపడా లంకలో పడేసింది. ఊరంతా నన్ను దిదీ, అంటే అక్కా, అంటుంది. నేత్రమణిని మాత్రం చిన్నా పెద్దా మౌసీ, పిన్నీ, అనేవాళ్ళు. పొట్టి మనిషి, గొంతు పెద్దది. నెత్తిన రొయ్యల బుట్టతో బోటెక్కి అవతలి ఒడ్డు సంతలో అమ్ముకొచ్చేది. మొగుడు హాడిబంధు వలలు అల్లుకునే, అడిగితే తప్ప మాట్లాడని మనిషి. బావగారు గోబర్ధన్ జాలర్ల సంఘానికి పెద్ద. ఊళ్ళో ఏ తగువైనా ఆయన అరుగు మీదే తేలేది.

కూతుర్ని అత్తారింటికి పంపిన మర్నాడే నేత్రమణి రొయ్యల బుట్ట ఇంట్లో వదిలేసి బ్లాకు ఆఫీసుకు వెళ్ళింది. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను.

"వంతెన కావాలి బాబూ, మా ఊరికి" అంది.

గుమస్తా తల ఎత్తకుండానే అడిగాడు. "ఎవరైనా పోయారా?"

"పోడవేటి?"

"పడవ మునిగో, దారిలో పురుడొచ్చో. మనిషి పోయిన కేసుంటే ఫైలు తొందరగా కదుల్తుంది. పరీక్ష తప్పిందంటే ఎవరు చూస్తారు?"

"అయితే ఎవుర్ని సంపి తెమ్మంటావో సెప్పు బాబూ. మా బావగారున్నాడు, ముసిలోడు. నీకు పనికొస్తాడా?"

పక్క బల్లవాళ్ళు నవ్వారు. గుమస్తా నవ్వలేదు గానీ అర్జీ తీసుకున్నాడు. ఆ తర్వాత ఆమె ఆ ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగిందో నేను లెక్కపెట్టలేదు. ఎమ్మెల్యే ఇంటి గేటు దగ్గర కూర్చుంది. ఎన్నికలప్పుడు ఓట్లడగడానికొచ్చిన జీపుకు అడ్డంగా పడుకుంది. చివరికి ఒక శీతాకాలం ఎర్రజెండాలు, మూడుకాళ్ళ దుర్భిణీ పట్టుకుని సర్వేవాళ్ళు దిగారు.

వాళ్ళకు నేత్రమణి ఇంట్లోనే భోజనం. పఖాళ, అదే మన చద్దన్నం, కాల్చిన ఎండుచేపలు. ఆ వెనక తెప్ప మీద యంత్రం వచ్చింది. అది నీటి అడుగున బొరియ వేసి మట్టి పైకి తీస్తుంటే, నేత్రమణి ఒడ్డున నిలబడి ఆ నల్లటి ముద్దలను చూసి మురిసిపోయేది.

ఇంజినీరు దిబ్యసింగ్ బాబు మంచివాడు. ఆయన మొదట గీసిన బొమ్మలో వంతెన మా రేవు నుంచి తిన్నగా, ఆ ఒడ్డు దాకా స్తంభాల మీదే వెళ్ళింది. అది పై ఆఫీసుకు వెళ్ళి, ఏడాది పడుకుని, ఖర్చెక్కువ, వద్దని తిరిగొచ్చింది. ఆయన రెండో బొమ్మ గీశాడు. ఉత్తరాన నీళ్ళు పలచగా ఉన్నచోట రెండు వైపులా మట్టికట్ట, లోతున్న మధ్యభాగంలో మాత్రం వంతెన. బడి మైదానంలో షామియానా వేసి ఊరి అభిప్రాయం అడిగారు.

గోబర్ధన్ లేచాడు. "బాబూ, సముద్రం నుంచి రొయ్య పిల్ల మా వేపు తిరిగొచ్చే దారి అదే. అక్కడ కట్టేస్తే మా నోటికి అడ్డం కట్టినట్టే. రేవు దగ్గరే కట్టండి. లేకపోతే వద్దు."

"కట్టలో వెడల్పాటి గండ్లు వదుల్తాం. నీళ్ళు పారతాయి" అన్నాడు దిబ్యసింగ్ బాబు. నిజం కూడా చెప్పాడు. "రేవు దగ్గర కట్టడానికి పైవాళ్ళు ఒప్పుకోరు. ఈసారి మీరు కాదంటే ఫైలు వెనక్కి పోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను."

మగవాళ్ళందరూ గోబర్ధన్ వైపే చూస్తున్నారు. అప్పుడు ఆడవాళ్ళలోంచి నేత్రమణి లేచింది. బావగారి ముందు తలమీద ముసుగు తీయని మనిషి, ఆ రోజు ముసుగు జారినా సర్దుకోలేదు.

"ఎక్కడేస్తారో అక్కడెయ్యండి బాబూ, గాని ఎయ్యండి. మీ రొయ్యకి దారి కావాల గాని మా పిల్లలకి అక్కర్లేదా? రొయ్య ఇంకో దారి సూసుకుంటాది. నా పిల్ల సూసుకోలేకపోనాది."

ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి ఆమె వెనక నిలబడ్డారు. వాళ్ళను చూసి చదువుకునే పిల్లలున్న మగవాళ్ళు లేచారు. గోబర్ధన్ కండువా దులుపుకుని షామియానాలోంచి వెళ్ళిపోయాడు. నేను కూడా ఆ రోజు చప్పట్లు కొట్టినదాన్నే.

మంత్రి వచ్చి శంకుస్థాపన చేశాడు. తర్వాత చాలా కాలం ఊళ్ళో వంతెన అంటే ఆ పాలరాతి పలకే. మేకలు దానికి వీపు రుద్దుకునేవి. మొదటి కాంట్రాక్టరు రేకుల షెడ్డు వేసి, కంకర పోయించి, ఆ కంకర మీద గడ్డి మొలిచేదాకా కనబడలేదు. మళ్ళీ టెండరు పిలిచారు. రెండోవాడు మాల్దా నుంచి బెంగాలీ కూలీలను దించాడు. స్తంభాల కోసం నేలలో పైపులు దిగగొడుతుంటే మా ఆరోగ్య ఉపకేంద్రంలో మందు సీసాలు గలగలలాడేవి. కట్టకు మట్టి తోలే లారీలు పెద్ద పెద్ద పడవల మీద వచ్చాయి. హాడిబంధుకు సిమెంటు గోదాములో కాపలా పని దొరికింది. నేత్రమణి రోజూ సాయంత్రం వెళ్ళి ఒక రాయి మీద కూర్చుని, ఎదిగే పిల్లను చూసుకున్నట్టు ఆ పని చూసుకునేది.

మధ్యలో తుఫాను వచ్చి షెడ్డు ఎగిరిపోయింది. దిబ్యసింగ్ బాబుకు బదిలీ అయింది. కొత్తగా వచ్చిన ఇంజినీరు జీపు దిగేవాడు కాదు. ఒక సాయంత్రం నేత్రమణి నా దగ్గరకు వచ్చి, గుమ్మం దగ్గరే కూలబడింది.

"దిదీ, సిమెంటు పైపులు దించుతున్నారు. దూడ దూరేటంతే ఉన్నాయి. గండ్లెక్కడ అంటే, ఇవే గండ్లంటన్నాడు సూపరైజరు."

"మరి నువ్వేమన్నావు?"

"ఆడే అన్నాడు. మౌసీ, గండ్లు కట్టాలంటే బొమ్మ మార్చాల, మళ్ళీ పైకెళ్ళాల, మూడేళ్ళో నాలుగేళ్ళో పని ఆగిపోద్ది, ఆపమంటావా అని."

"ఊళ్ళో చెప్పు. గోబర్ధన్ బాబుకు చెప్పు."

"ఆపొద్దన్నాను దిదీ. ఆపితే ఇంక లేవదది."

ఆ సంగతి ఆమె ఊళ్ళో చెప్పలేదు. చెప్పకపోయినా దాగేది కాదు. కట్ట మూసుకున్న తర్వాత వచ్చిన మొదటి వానాకాలానికే పైపుల్లో నాచు, బురద పట్టాయి. కట్టకు ఇవతల నీళ్ళు కదలక పచ్చబడ్డాయి. నీళ్ళలో పెట్టిన వెదురు బుట్టల్లాంటి మావుల్లో రొయ్యలకు బదులు కలుపు చిక్కింది. అవతల కూలీలు గడ్డర్లు ఎక్కిస్తున్నారు, స్లాబు వేస్తున్నారు, రెయిలింగుకు పసుపు నలుపు రంగులు పూస్తున్నారు. ఇవతల జాలర్లు ఖాళీ వలలు దులుపుకుని ఇంటికొస్తున్నారు. ఇసుక లారీలను వరసగా వంతెన మీద నిలబెట్టి బరువు పరీక్ష చేసిన రోజు గోబర్ధన్ తన పెద్ద పడవ అమ్మేశాడు.

ప్రారంభోత్సవానికి జాలర్ల వీధి వీధంతా తలుపులేసుకుంది. నేత్రమణి ఒక్కతే కొత్త చీర కట్టుకుని వెళ్ళింది. సుకాంతి ఆ ఒడ్డు నుంచి ఆటోలో, చంకలో పిల్లతో వచ్చింది. వంతెన మీద మొదటగా ఊళ్ళోకొచ్చే బండి అదే కావాలని తల్లి కోరిక. కానీ రిబ్బను కత్తిరించేదాకా ఎవరినీ రానిచ్చేది లేదని పోలీసులు ఆటోను ఆ చివరే ఆపారు. ఇటు చివర నేత్రమణి రిబ్బనుకు దగ్గరగా జరిగితే, ఒక కుర్ర అధికారి "అమ్మా, వెనక్కెళ్ళండి, ఫోటోలో పడుతున్నారు" అన్నాడు. ఆమె వెనక్కి జరిగింది. మంత్రి ఉపన్యాసంలో ఈ వంతెన ఎవరెవరి కృషి ఫలితమో చాలా పేర్లు చదివాడు.

కూతురు రెండు రోజులుండి వెళ్ళింది. ఆ తర్వాత నేత్రమణితో మాట్లాడేవాళ్ళు తగ్గిపోయారు. బోరింగు దగ్గర ఆడవాళ్ళు, ఒకప్పుడు ఆమె వెనక లేచి నిలబడ్డవాళ్ళే, బిందెలు నింపుకుంటూ అనేవాళ్ళు.

"ఏటి మౌసీ, ఈ రోజేటి కూర? వంతెనా?"

"పిల్లరు ముక్క కాస్త మాకూ పంపు. ఉడకబెట్టుకుంటాం."

కుర్రాళ్ళు ఒక్కొక్కరే సంచులు భుజాన వేసుకుని సూరత్ మిల్లులకు, కేరళకు వెళ్ళారు. బోటు కోసం ఎదురుచూసే పని లేదు కనుక, వెళ్ళడం కూడా సులువైంది. సంఘం విందులకు నేత్రమణి ఇంటికి పిలుపు రావడం మానేసింది. హాడిబంధు తన ఇంటి అరుగు మీద ఎవరి కోసమూ కాని వలలు అల్లుతూ ఉండేవాడు. ఆయన ఒక్కసారే పెళ్ళాంతో అన్నాడట: "నువ్వు అడగడంలో తప్పు లేదు. గాని అన్నయ్య సెప్పింది వినాల్సింది."

ఆమె మళ్ళీ ఆఫీసులు పట్టుకుంది. ఈసారి గండ్ల కోసం. నేనూ వెళ్ళాను. కొత్త గుమస్తా మర్యాదగా కుర్చీ చూపించాడు.

"ఆ పని ముగిసిపోయిందమ్మా. పూర్తయినట్టు సర్టిఫికెట్టు కూడా ఇచ్చేశారు. ఇప్పుడు దాన్ని ముట్టుకోవాలంటే వేరే పనిగా మంజూరు కావాలి."

"అంటే?"

"అంటే మొదట అర్జీ, తర్వాత సర్వే, మట్టి పరీక్ష, డిజైను, ఊరి సమ్మతి, టెండరు..."

నేత్రమణి లేచింది. "నాకు తెలుసు బాబూ, నువ్వు సెప్పక్కర్లేదు" అని బయటికి వచ్చేసింది. ఆ రోజు తిరుగు ఆటోలో ఆమె వంతెన వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని కూర్చుంది.

అర్జీ పెట్టింది. ఇప్పటికీ కదల్లేదు.

మరుసటి చలికాలం ఒక ఉదయం గోబర్ధన్ పళ్ళు తోముకుంటూ పడిపోయాడు. నోరు ఒక పక్కకు వంకరపోయింది. నేను ఫోను చేసిన కొద్దిసేపటికే అంబులెన్సు వంతెన దాటి తిన్నగా ఆయన గుమ్మం ముందు ఆగింది. పాత రోజుల్లో అయితే బోటు ఎక్కించేలోపే పోయేవాడు. ఆయన భార్య స్పృహ తప్పితే, నేత్రమణే ఎక్కి బావగారి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెద్దాసుపత్రిలో డాక్టరు, ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు. మనిషి దక్కాడు. కుడివైపు మాత్రం పోయింది.

ఆయన ఇంటికొచ్చాక నేత్రమణి గంజి కాచి తీసుకెళ్ళింది. నేను బీపీ చూస్తున్నాను. ఇప్పటికైనా ఒక మంచి మాట వస్తుందని ఆమె ముఖంలో కనిపించింది. నాకూ అదే ఆశ. గోబర్ధన్ చాలాసేపు పెదాలు కూడగట్టుకున్నాడు.

"తినడానికి... తిండి... లేకుండా సేసేవు" అన్నాడు. ముక్కముక్కలుగా వచ్చింది మాట. "సావైనా... సావనియ్యకపోతివి."

ఆయన భార్య గంజి గిన్నె తీసుకుని గోడవారగా పెట్టింది. నేత్రమణి ముసుగు ముందుకు లాక్కుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆమె అవతలి ఒడ్డున రొయ్యల కంపెనీలో పెంకు ఒలుస్తుంది. ఎక్కడివో చెరువు రొయ్యలు, లారీల్లో మంచుగడ్డలతో వస్తాయి. రోజంతా మంచునీళ్ళలో నానిన వేళ్ళు చీలిపోతాయి. మొన్న ఉదయం ఆ చీలికలకు మందు రాస్తుంటే అడిగాను, ఆ రోజు షామియానాలో లేవకుండా ఉంటే బాగుండేదని అనిపిస్తుందా అని.

"లేదు దిదీ" అంది వెంటనే. "మళ్ళీ ఆ రోజే వొస్తే మళ్ళీ లేస్తాను. అదే నాకు ఒళ్ళుమంట. ఎలగ సూసినా లేస్తాను."

బయట కంపెనీ వ్యాను హారన్ కొట్టింది. మందు ఆరకముందే ఆమె చేతికి ప్లాస్టిక్ తొడుగు వేసుకుంది. వ్యానులో అప్పటికే కూర్చున్న మా ఊరి ఆడవాళ్ళు ఆమె ఎక్కగానే మాటలాపి అటు తిరిగారు. ఆమె డ్రైవరు వెనక సీట్లో ఒక్కతే కూర్చుంది. బండి కట్టెక్కి వంతెన వైపు వెళ్ళిపోయింది.