ఏడు ఫైళ్ళు, ఒక నంబరు

బొగ్గు గనుల ఆఫీసులో, క్వార్టర్లు ఇచ్చే సెక్షన్‌లో నేను గుమాస్తాని. మా కంప్యూటరు గదిలో ఏసీ ఎంత చల్లగా ఉండేదంటే, గోదావరిఖని ఎండల్లో కూడా నేను మఫ్లర్ చుట్టుకుని లోపలికి వెళ్ళేవాణ్ణి. ఆ రోజు మాత్రం అదే చలిలో నా చొక్కా పిండితే బకెట్ నిండేది.

కార్మికుల వివరాలన్నీ ఒక ఫైలులో ఉండేవి. వాటిని పేరు వరుసలో, నంబరు వరుసలో, చేరిన తేదీ వరుసలో చూపడానికి ఏడు చిన్న ఇండెక్సు ఫైళ్ళు. కొత్త వివరం ఎక్కించేటప్పుడు వాటిలో ఒక్కటి తెరవడం మరిచినా అది పాతబడి అబద్ధాలు చెప్పేది. విసిగి, ఏడింటినీ ఒకే పెద్ద ఇండెక్సులో కలిపాను. ఆ సంబరంలో పాతవి చెరిపేశాను. కొత్తదాంట్లో నంబరు వరుస మొదటిది. ఎప్పుడూ చేరిన తేదీ వరుసలో వచ్చే క్వార్టర్ల లిస్టు ఈసారి దాని ప్రకారమే అచ్చయి నోటీసు బోర్డు ఎక్కింది. ఐదింటికి తాళాలు ఇవ్వాలి.

మూడున్నరకు, షిఫ్టు దిగిన ఒక పెద్దాయన కళ్ళచుట్టూ బొగ్గుతో కిటికీ దగ్గర నిలబడ్డాడు.

“పదకొండేండ్ల సంది లైన్ల ఉన్న సార్. లిస్టుల నా పేరేది?”

ఆయన చెప్పిన కార్మిక నంబరు కొట్టాను. తెర మీద పక్క గని మనిషి వచ్చాడు. నా గుండె ఊరంతా వినబడేలా కొట్టుకుంది. బతికున్న మనిషిని చెరిపేశాననుకున్నాను. ఆఫీసు చుట్టూ ఘెరావు, నా సస్పెన్షన్ కాగితం, వీధిన పడ్డ నా వంటగిన్నెలు వరుసగా కనబడ్డాయి.

వరుసలన్నీ తీసేసి, రికార్డులు మొదటి నుంచి తిప్పాను. వేలు అరిగి సగమయ్యాక దొరికాడు. ఇద్దరికీ ఒకటే నంబరు; ఈయన శ్రీరాంపూర్ ఏరియా నుంచి బదిలీ మీద వచ్చినట్టు రాసి ఉంది. మా ఏరియాలో ఒక నంబరు ఒక్కరిదే కదా అని, నాకు ముందున్న గుమాస్తా ఆ వరుసలో రెండోవాణ్ణి చూపకుండా కట్టడి పెట్టాడు; నేను ఏడింటినీ కలిపినప్పుడు అదీ వెంట వచ్చింది.

“శ్రీరాంపూర్ నుంచి మారి వచ్చినప్పుడు కొత్త నంబరు తీసుకోలేదా కాకా?”

“ఇస్తమన్నరు. బతిమాలి పాతదే ఉంచుకున్న. గా నంబరు దీపం నెత్తికి కట్టుకొని గనిల దిగిన ప్రతిసారి పానంతోని పైకొచ్చిన.”

“ఇప్పుడు మార్చుకో. జల్ది లిస్టుల ఎక్కుతవ్.”

ఆయన ముఖం నాకంటే పాలిపోయింది.

“క్వార్టరు ఇంకోనికియ్యి సార్. నంబరు ముట్టకు.”

ఇక మిగిలింది ఆ కట్టడి ఎత్తేసి, నంబరు వరుసను మళ్ళీ కట్టడమే. తెర మీద అంకెలు కదులుతుంటే నా జుట్టు నెరవడం నాకే తెలిసింది. ఐదుకు పది నిమిషాల ముందు కొత్త లిస్టు మీద ఆఫీసరు సంతకం పడింది.

తాళం అందుకున్నాక ఆయన లిస్టులో తన నంబరు ఇద్దరి పేర్ల పక్కన ఉండడం చూశాడు.

“గీ రెండో ఆయన రోజు పైకొస్తుండా సార్?”

“వస్తుండు,” అన్నాను, కనుక్కోకుండానే.