కూకోమన్న మాట

ఉక్కు కర్మాగారం ఉన్న ఊరి పక్కన, ఆదిత్యపూర్‌లో బోల్టులు చేసే ఒక చిన్న కార్ఖానా పైఅంతస్తు అద్దెకు తీసుకుని, అందులో మేం వీడియో గేములు తయారుచేసేవాళ్ళం. కింద ప్రెస్సు మిషను దెబ్బ పడినప్పుడల్లా మా బల్లల మీద టీ గ్లాసులు చిన్నగా వణికేవి. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారం విసుక్కునేవాళ్ళు. నెల తిరిగేసరికి ఆ చప్పుడు వాళ్ళకి వినపడేదే కాదు. మొత్తం పద్దెనిమిది మందిమి.

సొంత గేము చెయ్యాలన్నది మా కోరిక, ఒకటి మొదలుపెట్టాం కూడా. రోజులు గడిచింది మాత్రం బయటి దేశపు కంపెనీల గేములకు గోడలు, చెట్లు, పాడుబడ్డ కోటలు చేసి పంపడంతో. ఆడేవాడు కత్తి పట్టుకుని మా కోటగోడ పక్కనుంచి పరుగెత్తుకుపోతాడు. గోడ వంక చూడడు. అయినా నాచు ఎంతవరకు పాకాలో, గచ్చు ఎక్కడ పెళ్ళలుగా రాలాలో మావాళ్ళు గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళు.

నేను అక్కడ మేనేజర్ని. యజమాని రాంచీలో ఉండేవాడు, నెలకొకసారి వచ్చి వెళ్ళేవాడు. మిగతా రోజుల్లో ఎవరికి ఏ అనుమానం వచ్చినా నన్నే అడిగేవాళ్ళు, నేను చెప్పింది నమ్మేవాళ్ళు. ఆ నమ్మకాన్ని నేనేం చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పద్దెనిమిది మందిలో తెలుగువాళ్ళం ఇద్దరమే. రెండో మనిషి బర్మామైన్స్ అనే పేట నుంచి వచ్చే ఒక అమ్మాయి. ముప్ఫై దాటలేదు. గేములో ఆడేవాడు ఎటు నడవాలి, ఎక్కడ చిక్కుకోవాలి, దారి ఎలా దొరకాలి అన్నది నిర్ణయించడం ఆమె పని. అందరి ముందూ నన్ను సర్ అనేది. టీ వేళకి మెట్ల మీద కలిస్తే అన్నయ్యా అనేది. తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగించేది.

ఒకసారి మా సొంత గేములో ఆమె చేసిన ఒక లెవెల్లో నేను అరగంట తిరిగినా బయటికి దారి దొరకలేదు.

“ఏటమ్మా ఇది? తలుపే పెట్టలేదు నువ్వు,” అన్నాను.

“పెట్టాను అన్నయ్యా. మీ ఎదురుగానే ఉంది. ఎదురుగా ఉన్నది మీకెప్పుడు కనపడింది గనక! జరా పర్దా హటాయియే.”

పరదా తొలగిస్తే తలుపుంది. ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

వాళ్ళ నాన్న ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టర్ల కింద ఖలాసీ. బరువైన యంత్రాలను గొలుసులతో, తాళ్ళతో ఎత్తి దించే పని. మా నాన్నదీ కాంట్రాక్టు పనే, గ్యాసు కట్టర్. ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే, ఒకరికొకరు తెలియకపోయినా. కాబట్టి మా రెండిళ్ళలోనూ ఒక మాట ఉండేది. బయటివాళ్ళకి అది చిన్న మాట. మాకు కాదు.

కాంట్రాక్టరు దగ్గర పని అయిపోతే హిందీలో ‘బైఠా దియా’ అంటారు. మావాళ్ళు దాన్నే ‘కూకోబెట్టినారు’ అన్నారు. కూకోబెట్టడమంటే తీసెయ్యడం కాదు. పేరు జాబితాలోనే ఉంటుంది. గేటు పాసు మనిషి దగ్గరే ఉంటుంది. కొత్త పని రాగానే కబురొస్తుంది. పాసు లాక్కుంటే మాత్రం పని పోయినట్టే. అందుకే పాసు చేతిలో ఉన్నంతకాలం ఎవరూ దిగులు పడేవాళ్ళు కాదు. దానికో కట్టుబాటు కూడా ఉండేది. కూకున్న మనిషి ఊరొదిలి వెళ్ళకూడదు, ఇంకో కాంట్రాక్టరు దగ్గర చెయ్యి పెట్టకూడదు. వెళితే పేరు కొట్టేస్తారు. మా నాన్న అలా చాలాసార్లు కూర్చున్నాడు. సైరన్ మోగేసరికి గడ్డం గీసుకుని, ప్యాంటు తొడుక్కుని, సిద్ధగోరాలో మా ఇంటి అరుగు మీద వీధి వైపు తిరిగి కూర్చునేవాడు. ప్రతిసారీ పిలిచారు. ఆ మాటకున్న విలువంతా అక్కడుంది, ప్రతిసారీ పిలిచారు.

ఒక వేసవిలో యజమాని నన్ను బిష్టుపూర్‌లో ఒక హోటలుకి పిలిచాడు. మాకు పని ఇచ్చే పెద్ద కంపెనీ తన దగ్గరే వందల మందిని తీసేస్తోందనీ, బయటికిచ్చే పనులు పూర్తిగా ఆపేసిందనీ చెప్పాడు.

“చేతిలో ఉన్న కోట పని అప్పగించి మూసేద్దాం. అందాకా ఎవరికీ చెప్పకు. తెలిస్తే రేపే సగం మంది పోతారు, కోట సగంలో ఉండిపోతుంది. నీకేం పరవాలేదు, నిన్ను నా దగ్గరే ఉంచుకుంటాను.”

నేను తలూపాను. పదిహేడు మంది గురించి ఒక్క మాటైనా అడగలేదు. ‘నీకేం పరవాలేదు’ అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆయన సమోసాలు తెప్పించాడు. తిన్నాను కూడా.

నాలుగు రోజుల తర్వాత ఆ అమ్మాయి మెట్ల మీద నా కోసం నిలబడి ఉంది.

“అన్నయ్యా, పూణే నుంచి ఒక స్టూడియో వాళ్ళు ఉద్యోగం ఇత్తామన్నారు. శుక్రవారం లోపు చెప్పాలి. నాకు ఇక్కడే బాగుంది. నాన్నని వదిలి వెళ్ళాలని లేదు. కానీ ఇక్కడేదో గడబడ అంటన్నారు అందరూ. మీరు సచ్ బోలియే, ఉన్నదున్నట్టు. ఉండమంటే ఉంటాను, ఎల్లమంటే ఎల్తాను.”

ఇంత సూటిగా నన్నెవరూ ఏదీ అడగలేదు. వెళ్ళిపో అని ఒక్క మాట చెబితే చాలు. చెబితే ఆమె వెళుతుంది, ఎందుకు వెళుతోందో మిగతావాళ్ళు అడుగుతారు, కోట ఆగిపోతుంది, యజమాని ముందు నేను చెడ్డవాణ్ణవుతాను. ఉండు అని పచ్చి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. అబద్ధం కాని అబద్ధం ఒకటి కావలసి వచ్చింది. మా నాన్న మాట అప్పుడు నోటికొచ్చింది.

“పని కొంచెం తగ్గుతుందమ్మా. ఓ రెండు మూడు నెలలు కూకోవాలేమో. అంతే.”

కూర్చోవాలి అనలేదు. కూకోవాలి అన్నాను. ఆఫీసులో నేనెప్పుడూ అలా మాట్లాడను.

ఆమె మొహం తేటపడింది. “కూకోడమేనా? దానికేటి! మా నాన్న కూకోని ఏడాదుందా? నేనింకా ఏదో అనుకుని బయపడిపోయాను.”

శుక్రవారం సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా, “వద్దని రాసేశాను అన్నయ్యా,” అంది.

“మంచిది,” అన్నాను. ఆ మాట అన్న గొంతు నాదే. ఎవరి మీదికీ తొయ్యలేను.

కోట అప్పగించిన మరునాడు యజమాని వచ్చి అందరినీ నిలబెట్టి మాట్లాడాడు. పరిస్థితులు బాగాలేవన్నాడు, ఫిల్‌హాల్ ఆపుతున్నాం, ప్రస్తుతానికే, అన్నాడు, మీరంతా నా కుటుంబం అన్నాడు. మిగతావాళ్ళకి అర్థం కావలసింది అర్థమైంది. ఒకడు కళ్ళు తుడుచుకుంటున్నాడు, పక్కవాడు అప్పటికే ఫోన్‌లో ఉద్యోగాలు వెతుకుతున్నాడు. ఆమె మాత్రం నా వైపు చూసి కనుబొమలు ఎగరేసింది, మీరన్నది ఇదేనా అన్నట్టు. నేను కళ్ళు దించుకున్నాను. ఆమె దాన్ని అవునని తీసుకుంది.

తలుపు దగ్గర అందరి గుర్తింపు కార్డులూ తీసుకోవడం నా పని. పదహారు కార్డులు నా చేతిలో పడ్డాయి. ఆమె వచ్చి తన కార్డు మెడలోంచి తీయకుండానే ఆగింది.

“నాదీ ఇచ్చెయ్యాలా?”

ఆమె ఏం అడుగుతోందో ఈ ఊళ్ళో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. పాసు తీసుకుంటారా, ఉంచుతారా అని అడుగుతోంది. అప్పుడైనా చెయ్యి చాచి ఉంటే సరిపోయేది. నోరు విప్పక్కర్లేకుండానే నిజం చెప్పినట్టయ్యేది.

“ఉంచుకో,” అన్నాను.

తర్వాత నాలుగు నెలలు ఆమె అప్పుడప్పుడు మెసేజ్ పెట్టేది. ‘ఏమైనా తెలిసిందా అన్నయ్యా?’ చూద్దాం అని రాసేవాణ్ణి. రానురాను ఒక నమస్కారం బొమ్మ పెట్టి ఊరుకునేవాణ్ణి. అప్పటికి నేను యజమాని కొత్త ఆఫీసులో, బడి పిల్లల హాజరు నమోదు చేసే సాఫ్ట్‌వేర్ చూసుకుంటున్నాను. ఆమె ఏదో ఒకటి వెతుక్కునే ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. కనుక్కోవడానికి ఒక్క ఫోను చాలు. చెయ్యలేదు.

ఒక ఆదివారం పొద్దున బర్మామైన్స్‌లో ఎండుచేపలు కొంటుంటే వెనకనుంచి ఎవరో భుజం తట్టారు. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న. అంతకుముందు రెండు మూడుసార్లు ఆఫీసు కింద చూశాను.

“బాబూ! కనబడ్డమే మానేసినారు. రండి, ఇల్లు ఇక్కడే. టీ తాగకుండా ఒగ్గను.”

ఒక్క గది, ముందు వరండా. గదిలో కిటికీ పక్కన ఆమె కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి గబగబా లేచింది. తెర మీద ఉన్నది మేం సగంలో వదిలేసిన మా సొంత గేము.

“చూడండి అన్నయ్యా, మరో ఆరు లెవెల్స్ అయిపోయాయి. పిలిచేసరికి తయారుగా ఉండాలి కదా అని. ఈసారి పర్దా లేదు, డరియే మత్, భయపడకండి.”

“ఊరికే కూకోనేదు బాబూ,” అన్నాడు ఆయన, గర్వంగా. “ఇక్కడ కాలేజీలో ఒకాయన కంప్యూటర్ పాఠం సెప్పడానికి రమ్మని రెండుసార్లు కబురెట్టినాడు. నానే వద్దన్నాను. కూకున్నోలు ఇంకో కాడ సెయ్యెట్టకూడదు గదా. మరి ఎప్పుడు పిలత్తారు బాబూ? పెద్దాయన ఏటంటన్నాడు?”

టీ గ్లాసు చేతిలో కాలుతోంది. కింద పెట్టాను.

“పిలవరు బాబాయ్. స్టూడియో మూసేశారు. అందరినీ తీసేశారు. అమ్మాయినీ తీసేశారు.”

ఆయన నవ్వబోయి ఆగాడు. “మరి కార్డు ఉందిగదా దీని కాడ?”

“నేనే తీసుకోలేదు. తీసుకోవలసింది.”

ఆమె కుర్చీ పట్టుకుని నిలబడింది. “ఎప్పుడు మూసేశారు? ఆ తర్వాతా?”

“ఆ రోజే మూసేశారు.”

“మెట్ల మీద నేను అడిగినప్పుడు?”

“అప్పటికే తెలుసు.”

“పతా థా,” తెలుసన్నమాట అని హిందీలో అంది ఆమె, అడగడం కాదు, తనకి తాను చెప్పుకున్నట్టు. ఆ తర్వాత ఆ ఇంట్లో నాతో తెలుగు మాట్లాడలేదు.

వాళ్ళ నాన్న నా వైపు తిరిగాడు. “బాబూ, మా కాంట్రాక్టర్లు మమ్మల్ని తిట్టినారు, ఒకడు కొట్టినాడు కూడా. కూకోమని సెప్పి పిలవకుండా ఉన్నోడు ఒక్కడూ లేడు. ఆ మాట మీకెలగొచ్చింది నోటికి? మీ నాయిన కూడా కాంట్రాక్టు మనిసే గదా.”

భయపడ్డానన్నాను. ఎవరికి భయపడ్డారని ఆయన అడగలేదు.

ఆమె తన ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. పూణే స్టూడియోలో తనతో మాట్లాడిన ఆవిడ నంబరు. “ఫోన్ కీజియే, సర్.”

అన్నయ్య పోయి సర్ వచ్చింది. అది నాకు తగినదే.

చేశాను. ఆవిడ ఎత్తింది, ఆదివారం అయినా. స్పీకర్ పెట్టమని ఆమె సైగ చేసింది. నేను ఇంగ్లీషులో నా పేరు చెప్పి, ఫలానా అమ్మాయి మీ ఉద్యోగం వద్దనడానికి కారణం నేనని చెప్పాను. ఎదురుగా మంచం మీద కూర్చున్న ఆయనకి ఇంగ్లీషు రాదు.

“ఏటంటన్నారు బాబూ?” అన్నాడు.

అవతల ఆవిడ వింటూనే ఉంది. నేను ఆయన వైపు తిరిగి తెలుగులో చెప్పాల్సి వచ్చింది. “నేను అబద్ధం చెప్పి అమ్మాయిని ఆపానని చెబుతున్నాను బాబాయ్.” ఇంగ్లీషులో అది ఒక క్షమాపణలా ఉంది. తెలుగులో చెప్పాక నేను చేసిన పనిలా ఉంది.

ఆయన తలూపాడు. “సెప్పండి, సెప్పండి,” అన్నాడు.

పూణే ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. ఆ స్థానం నిండిపోయి మూడు నెలలైందనీ, ఇప్పుడు తమ దగ్గరా మనుషుల్ని తగ్గిస్తున్నారనీ, పేరు రాసిపెట్టుకుంటాననీ చెప్పింది. అమ్మాయి థాంక్యూ మేడమ్ అని తనే ఫోను కట్టేసింది.

తర్వాత ఆయన కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు.

“అమ్మా, కాలేజీ ఆయన నెంబరు నా ఫోన్లో ఉందా, నీ కాడ ఉందా?”

“ఆప్‌కే ఫోన్ మేఁ హై నాన్నా. దీజియే.”

ఇద్దరూ ఆ చిన్న ఫోను మీదికి వంగారు. ఆయన పేరు చెబుతున్నాడు, ఆమె కిందికి జరుపుతూ వెతుకుతోంది. అది కాదమ్మా, ఇంకా కిందికి, అంటున్నాడాయన. నేను లేచాను. ఎవరూ ఆగమనలేదు, వెళ్ళమనీ అనలేదు. నేను వరండాలో చెప్పులు తొడుక్కుంటుంటే లోపల ఫోను మోగుతున్న చప్పుడు, ఆ తర్వాత ఆయన గొంతు వినిపించాయి. “నమస్తే సర్, మా పాప ఇప్పుడు ఖాళీగానే ఉంది సర్. పూరా ఖాళీ.”