చేతులు వెనక్కి కట్టుకున్న సార్

ఆదిభట్లలో కంపెనీ బస్సు దిగుతుంటే ఫోన్ వచ్చింది. "మన కంప్యూటర్ సార్ పోయిండ్రే. పొద్దుగాల్నేనంట," అన్నది నాతో చదివిన స్నేహితురాలు. నా మెడలో ఉద్యోగం కార్డు వేలాడుతోంది. అది నా మెడలో పడిందంటే ఆయన వల్లే. గేటు పక్కనే కూర్చుని ఏడ్చాను.

ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర, మందుల షాపు పైన ఆయన చిన్న కంప్యూటర్ సెంటర్ నడిపేవారు. నేను మా ఊరు మంచాల నుంచి బస్సులో వచ్చేదాన్ని. చదివింది తెలుగు మీడియం. తెరమీద ఇంగ్లిషులో ఎర్రర్ వస్తే చాలు, అందరి ముందూ తిట్టినట్టే ఉండేది. నెల తిరగకుండానే, మానేస్తానని చెప్పడానికి వెళ్లాను.

"మానేద్దువు గాని బేటా, గీ ఒక్క పని చేసి పో," అన్నారు. ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్ ఒకటి ఎక్కించాలి. ఒక్క క్లిక్కుతో అయిపోయే పనే, కానీ ఆయన ఒప్పుకోరు. దాని సోర్సు కోడ్, అంటే దాన్ని తయారుచేసిన అసలు రాత, అందరికీ ఉచితమే కదా, అది తెచ్చి మన కంప్యూటర్‌లోనే మొదటి నుంచి తయారు చేసుకోవాలంటారు. "కొనుక్కున్న ఇంట్ల స్విచ్చు ఏడున్నదో దేవులాడుకోవాలె. కట్టుకున్న ఇంట్ల చీకట్ల గూడ చెయ్యి గాడికే పోతది."

తయారవుతూ సగంలో ఆగింది. తెర నిండా ఎర్రర్లు. సార్ చేతులు వెనక్కి కట్టుకుని నా వెనక నిలబడ్డారు. ఎవరి కీబోర్డూ ముట్టేవారు కాదు. అదేం మొండితనమోనని నాకు ఒళ్లు మండేది.

"అడుగున జూడకు. పైకెల్లి మొదటిది చదువు. మిగిలినయన్నీ దాని ఎంబడి వచ్చిన సుట్టాలు."

కూడబలుక్కుంటూ చదివాను. తెరమీద అక్షరాలు చూపించే కోడ్ ముక్క, లైబ్రరీ అంటారు, అదేదో లేదట.

"తిట్టిందా?"

"లేదు సార్. అడుగుతున్నది."

"గంతే. అడిగింది పెట్టు."

పెట్టాను. మళ్లీ ఆగి, ఇంకేదో అడిగింది. మూడోసారికి ఎడిటర్ తెరుచుకుంది. మానేసే సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

సోర్సు కోడ్‌లో ఒక్క మాటైనా మార్చి ఎడిటర్‌ను మళ్లీ కట్టాలన్నది ఆయన నియమం. తెరవగానే కనిపించే పలకరింపు చోట మా ఊరి పేరు తెలుగులో రాశాను. ఆ పాత కంప్యూటర్‌లో తెలుగు ఫాంటు లేదు, పేరుకు బదులు ఖాళీ డబ్బాలు వచ్చాయి. చెరిపేయబోతే ఆపారు. "ఉండనీ. మీ ఊరు గాడనే ఉన్నది. మనకు కనవడ్తలేదు, గంతే." నా కోడ్‌ను తన కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నారు. ఎందుకో నేను అడగలేదు.

ఈనాటికీ ఏ ఎర్రర్ వచ్చినా పైనుంచే చదువుతాను. ఆ మాట ఆయనకు చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. రోజూ ఆ దారినే పోతూ కూడా ఒక్కసారి ఆ మెట్లెక్కలేదు.

మొన్న వాళ్లింటికి వెళ్లాను. సార్ భార్య నన్ను ఆయన బల్ల దగ్గరికి తీసుకెళ్లారు. "కొత్త కంప్యూటర్ వచ్చినప్పుడల్లా ముందుగాల గిదే కట్టుకునేటోళ్లు. భయపడే పిల్లలొస్తే చూపెట్టేటోళ్లు. గిది రాసిన పిల్ల గూడ మానేస్తననే వచ్చిందని చెప్పేటోళ్లు," అంటూ ఎడిటర్ తెరిచారు.

ఈ కొత్త కంప్యూటర్‌లో ఖాళీ డబ్బాలు లేవు. మొదటి వరుసలో గుండ్రటి తెలుగు అక్షరాల్లో మంచాల అని ఉంది. దాని పక్కన కర్సర్ వెలిగి ఆరుతోంది. కీబోర్డు మీదికి పోబోయిన చేతులను వెనక్కి కట్టుకుని, చాలాసేపు అలాగే నిలబడ్డాను.