కొత్త డ్రైవుకు అక్షింతలు

ఎనభైల చివర్లో వరంగల్ బజారులో ఒక విత్తనాల దుకాణంలో నేను కంప్యూటర్ నడిపేవాడిని. ఎవరో వాడి వదిలేసిన పాత కంప్యూటర్ అది. ఒక్కటే ఫ్లాపీ డ్రైవు. ఒక ఫ్లాపీలోంచి ఇంకోదానిలోకి కాపీ చేయాలంటే ఇది తీసి అది, అది తీసి ఇది, చేతులు పడిపోయేవి. రెండో డ్రైవు కావాలని సేటు చెవిలో జోరీగలా పోరి, హైదరాబాదు నుంచి తెప్పించి, నేనే బిగించాను.

"నీ మాట మీద తెప్పించిన. నడువకపోతే రేపటి సంది రాకు," అన్నాడు సేటు. ఉత్తిమాటలు అనే మనిషి కాదాయన. మా ఇంట్లో పొయ్యి వెలిగేది నా జీతం మీదే.

సేటు తల్లిని అందరం పెద్దమ్మ అనేవాళ్ళం. దుకాణంలోకి ఏ కొత్త వస్తువు వచ్చినా ఆమె బొట్టు పెట్టి, అక్షింతలు వేయందే ఎవరూ ముట్టకూడదు. తరాజుకు వేసింది, స్కూటర్‌కు వేసింది, ఇప్పుడు డ్రైవుకూ వేసింది. దానికి పసుపు అంటుతుందేమోనని నా ప్రాణం విలవిల్లాడింది గానీ ఆమెకు ఎదురుచెప్పేదెవరు?

ఫ్లాపీ పెట్టి మీట తిప్పాను. ఎర్రలైటు వెలిగింది. గరగరమని చప్పుడు. తెర మీద 'నాట్ రెడీ' అని పడింది.

విప్పాను. తీగ తిరగేసి పెడితే లైటు ఆరకుండా అలాగే ఉండిపోయింది. మళ్ళీ మొదటిలాగే పెట్టాను. పాత డ్రైవు తీగ దీనికి తగిలించి చూశాను. అదే గరగర.

"ఏందది, నములుతాందా?" అన్నాడు సేటు.

"జర ఆగుండ్రి సేటు, చూస్తాన."

"దిష్టి తాకింది బిడ్డా, ఫికర్ చెయ్యకు," అని పెద్దమ్మ ఎండుమిరపకాయలు దిగదుడిచి, ఇంకో గుప్పెడు అక్షింతలు వేసింది. ఈసారి మీట కూడా తిరగలేదు.

సేటు గుమ్మం దగ్గరున్న నా చెప్పుల వైపు చూడటం మొదలుపెట్టాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇక ఏమీ తోచక డ్రైవు ఊడదీసి, నా తువ్వాల పరిచి, దాని మీద బోర్లించి తట్టాను. జలజలా పసుపు బియ్యం రాలాయి.

రోజూ నాకు ఇంత అన్నం పెట్టే చెయ్యి వేసిన గింజలవి, ఏమని చెప్పను? పెద్దమ్మే వంగి ఒక గింజ తీసి చూసుకుంది.

"నావే," అంది. కొడుకు వైపు తిరిగి, "పిలగాని మీద గుర్రుమంటవేందిరా? తప్పు నాది. మిషన్‌కు గాదు, నడిపేటోనికి వెయ్యాలె," అంది.

మళ్ళీ బిగించాక ఫ్లాపీ మెత్తగా తిరిగింది.

"రేపు జర జల్ది రా," అన్నాడు సేటు, నా మొహం చూడకుండా.

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అంతలో పెద్దమ్మ అక్షింతల పళ్ళెంతో నా మీదికే వచ్చింది. ముందు డ్రైవుకు తువ్వాల కప్పి, తర్వాత తల వంచాను.